తన యింటి కెదురుగా

మీరు కాపురముండు ఇంటిని ఎవరు కట్టిరి? పట్టణములో ఈ ప్రశ్న అడిగినయెడల ఒక కాంట్రాక్టరు పేరో ఇంజనీరు పేరో చెప్పుదురు. మన పల్లెలలో అడిగినయెడల, "మా నాయన కట్టాడండి" అనియో, "మేమే కట్టుకున్నామండి" అనియో జవాబు వచ్చును. ఆ జవాబులో కొంత సంతోషమును కొంత అలసటయు కలిసియుండును. రాజుల కోటలను గూర్చియు దేవాలయములను గూర్చియు గొప్ప చరిత్రలు వ్రాయబడినవి. కూలివాడు తన చేతులతో తానే కట్టుకొనిన ఇంటి చరిత్రను వ్రాసినవారు కొద్దిమందియే. ఆ చరిత్రలో కొంత భాగమును ఈ నెల మీ యెదుట పెట్టగోరుచున్నాను. దాని చివర నా తప్పు ఒకటి యున్నది. దానిని కూడ దాచక చెప్పెదను.

ఎర్రమట్టి గోడ

బెజవాడ నుండి నున్న మీదుగా నూజివీడు పోవు దారిలో ఆగిరిపల్లి యున్నది. శోభనాచలము అను కొండ ఊరికి గురుతు. చుట్టును మామిడి తోటలే. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు కాయ, ఇవి యెల్లరు ఎరిగిన పేర్లు. ఈ నేల కృష్ణా డెల్టాలోని నల్లరేగడి వంటిది కాదు. నల్లరేగడి నీరు త్రాగి ఉబ్బును, ఎండకు బీటలు వారును. దానితో పెట్టిన గోడ నిలుచుట కష్టము. ఈ మెట్ట ప్రాంతపు ఎర్రమట్టిలో ఇసుకయు గరపయు కలిసియుండుటచేత అది గోడకు అనుకూలమైనది.

పూర్వము పేదవాడు ఇక్కడ ఇల్లు కట్టుకొను విధమును పెద్దలు ఇప్పటికిని చెప్పగలరు. సంక్రాంతి దాటి వరికోతలు ముగిసిన తరువాత, మామిడి కాయ కోతకు రాకమునుపు, చేతికి కొంచెము తీరిక దొరకును. ఆ దినములలో మట్టి త్రవ్వి, నీళ్లు పోసి, రాత్రియంతయు నాననిచ్చి, మరునాడు గడ్డిముక్కలు చల్లి కాళ్లతో త్రొక్కెడివారు. ఆ మట్టి ముద్దలను పేర్చి మూరెడు ఎత్తు గోడ పెట్టి ఆపివేసెడివారు. ఆ వరుస ఆరిన తరువాతనే పై వరుస. తొందరపడి ఒక్కసారే పెట్టినయెడల క్రింది వరుస బరువుకు ఆగలేక పొట్ట పెట్టును. గోడ తలుపు ఎత్తుకు వచ్చుటకు వారములు పట్టెడిది. ఆ మీదట తాటిదూలము, వాసములు, వెదురు బద్దలు, తాటాకు. చూరు గోడ దాటి బాగుగా ముందుకు దిగవలెను. లేనియెడల వానజల్లు గోడ అడుగును కోసివేయును. చివరకు స్త్రీలు పేడయు ఎర్రమట్టియు కలిపి అలికెడివారు. ఇందులో డబ్బు పెట్టి కొనవలసినది తలుపు, మేకులు, కొందరికి దూలము, అంతే.

కప్పు నేయు దినమున మాత్రము ఒక్క కుటుంబము చాలదు. క్రిందనుండి ఆకు అందించువారు, పైన కట్టువారు, తాడు లాగువారు కావలెను. ఆ దినమున ఇరుగుపొరుగువారు వచ్చెడివారు. ఇంటివాడు వారికి కూడు పెట్టెడివాడు. కూలి ఇచ్చెడివాడు కాడు. గాని రేపు వారి కప్పు నేయునప్పుడు ఇతడు పోవలెను. గమనించుడి, ఇది దానము కాదు, అప్పును కాదు. మన పల్లెవారు దీనిని బదులు అందురు. ఇచ్చినవాడు గొప్పవాడు కాలేదు, పుచ్చుకొనినవాడు చిన్నవాడు కాలేదు.

నేను ఆ మట్టి యింటిని పొగడుటకు ఈ మాటలు వ్రాయుటలేదు. రెండు మూడు ఏండ్లకొకసారి తాటాకు మార్చవలెను. చెదలు దూలమును తినును. వేసవిలో ఒక్క పొయ్యి నిప్పురవ్వతో వాడయంతయు కాలిపోవును. అట్టి యింటిలో పుట్టినవారెవరును మరల దానిని కోరరు. అయినను ఆ యింటిలో రెండు సంగతులు మరువరానివి యున్నవి. కట్టుకొనువాడు తనకు తెలిసిన పనినే చేసెను. అతనికి తక్కువైన చేతులను పొరుగువారు ఇచ్చిరి.

పాక తనదే, నేల ఎవరిది?

అయితే ఆ కూలివాడు మట్టిగోడకు మించి ఏల కట్టలేదు? సోమరితనమని కొందరు పెద్దమనుష్యులు నిందించుట నా చిన్నతనములో వింటిని. అది నిజము కాదు. ఈ చుట్టుపట్ల నేల చాలవరకు నూజివీడు జమీందారుల ఏలుబడిలో నుండెడిది. 1948లో మద్రాసు శాసనసభ చేసిన ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు ప్రభుత్వము చేతికి వచ్చెను. ఆ చట్టము సేద్యము చేయు రైతుకు పట్టా చూపినది గాని, ఒకరి దొడ్డి వెనుక పాక వేసికొని బ్రదుకు కూలివానికి చూపుటకు వాని పేర నేలయే లేదు. అట్టివాడు యజమానితో మాట పడినయెడల పాక పీకుకొని పోవలసినదే. తనది కాని నేలమీద రాతి పునాది ఎవరు వేయుదురు? పీకుకొని పోదగిన ఇల్లే వానికి తగిన ఇల్లు. కావున చరిత్రలో పేదవాని ఇంటికి మొదటి సామగ్రి ఇటుక కాదు, సున్నము కాదు, స్థలపు కాగితము.

ఆ కాగితము మెల్లగా వచ్చెను. 1975 జూలై 1న ప్రకటింపబడిన ఇరువది సూత్రముల కార్యక్రమములో భూమిలేని పేదలకు ఇండ్లస్థలములు ఇచ్చుట ఒక సూత్రము. 1979లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడెను. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము వచ్చిన పిమ్మట గుడిసెల స్థానమున పక్కా ఇండ్లు కట్టించు పని విస్తారముగా సాగెను. 2020 డిసెంబరు 25న మరల రాష్ట్రమంతట లక్షలాది స్థలములు పంచబడెను. మన పల్లెల అంచున కాలనీ అను మాట ఈ విధముగా స్థిరపడినది.

దివిసీమ నేర్పిన పాఠము

ఈ నడుమ మన జిల్లా మరువలేని సంగతి ఒకటి జరిగెను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసెను. వేలాదిమంది ప్రాణములు పోయెను. మట్టిగోడయు తాటాకు కప్పును గల ఇండ్లు ఆనవాలు లేక కొట్టుకొనిపోయెను. దేశము నలుమూలల నుండియు అన్యదేశముల నుండియు సాయము వచ్చెను. సంఘములును సేవాసంస్థలును పక్కా ఇండ్లు కట్టించి ఇచ్చెను. తన పిల్లలను పోగొట్టుకొనిన తల్లి కాంక్రీటు కప్పు కోరుట న్యాయమే గదా!

అయినను ఆ దినములలో కొందరికి ఇంకొక ప్రశ్న తోచెను. పంచిపెట్టు ఇండ్లు అందరికిని చాలవు. చాలనివాడు తిరిగి తాటాకు కప్పునే వేసికొనును. అతనికి చేయదగిన సాయమేమి? ఆ ప్రశ్నతోనే ఆర్టిక్ అను శిక్షణ కేంద్రము విజయవాడలో ఏర్పడెను. పల్లెవాడు తాను ఎరిగిన సామగ్రితోనే, కొంచెము ఎక్కువ జాగ్రత్తతో, గాలికి తాళు ఇల్లు ఎట్లు కట్టుకొనవచ్చునో చూపుట దాని పని.

ఆ జాగ్రత్తలో రహస్యమేమియు లేదు. తుపాను గాలి కప్పును పైనుండి అణచి కూల్చునని మనము తలంతుము. నిజమునకు అది కప్పును పైకి ఎత్తి పీకివేయును. కావున కప్పు బరువుగా ఉండుట మాత్రమే చాలదు. దానిని క్రిందికి కట్టవలెను. వాసమును దూలమునకు, దూలమును గుంజకు, గుంజను నేలలోనికి గట్టిగా బంధింపవలెను. గుంజకును దూలమునకును నడుమ మూలగా ఒక కఱ్ఱ బిగించినయెడల ఇల్లు ప్రక్కకు ఒరగదు. ఇంతయు చేయుటకు కొంత తాడు, కొన్ని కఱ్ఱలు, ఒక దినపు పని చాలును. ఇల్లు కట్టి ఇచ్చుట ఒక సాయము. కట్టుకొనువానికి ముడి వేయు విధము చూపుట మరియొక సాయము. ఈ రెండవ దానికి శంకుస్థాపన రాయి ఉండదు, ఫోటో ఉండదు. అందుచేతనే కాబోలు దాని మాట తక్కువగా వినబడును.

అయిదు మైళ్ల లోపల

ఈ రెండవ సాయమునకే తన జీవితమంతయు ఇచ్చిన మనుష్యుని గూర్చి చెప్పెదను. అతని పేరు లారీ బేకరు. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో పుట్టెను. క్వేకరు సమాజమునకు చెందినవాడు. చదువు చేత ఇండ్ల నమూనాలు గీయువాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున చైనాలో రోగులకు సేవచేసి తిరిగిపోవుచు, ఓడ కొరకు బొంబాయిలో నిలిచియున్నప్పుడు గాంధీగారిని చూచెను. 1945లో కుష్ఠురోగుల సేవ చేయు మిషను పనిమీద మన దేశమునకు వచ్చెను. కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్తు జాకబు గారిని వివాహమాడి, హిమాలయ ప్రాంతమున పిథోరాగఢ్‌లో చాల సంవత్సరములు పనిచేసి, 1963లో కేరళకు వచ్చెను. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురములో మరణించెను.

మంచి ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపలనే దొరకవలెనని గాంధీగారు చెప్పిన మాట తన చదువంతటికంటె ఎక్కువ నేర్పినదని బేకరు చెప్పుచుండెడివాడు. కొండలలో పనిచేయునప్పుడు అక్కడి పల్లెవారు రాతితోను మట్టితోను కట్టుకొను పద్ధతిని చూచి, చదువుకొనిన తనకంటె వారికి ఎక్కువ తెలియునని ఒప్పుకొనెను. ఆ పిమ్మట అతడు వాడుకలోనికి తెచ్చిన పద్ధతులు మన మేస్త్రులు నేడును నేర్చుకొనదగినవి.

ఒకటి చెప్పెదను. తొమ్మిది అంగుళముల గోడలో ఇటుకను పడుకోబెట్టుటకు బదులు అంచుమీద నిలబెట్టి, రెండు ఇటుకల నడుమ బోలు విడిచి కట్టవచ్చును. మేస్త్రులు దానిని ర్యాట్ ట్రాప్ కట్టు అందురు. నాలుగింట ఒక వంతు ఇటుక మిగులును; నడుమనున్న గాలిచేత ఇల్లు చల్లగా ఉండును. మరియొకటి. శ్లాబు క్రింది సగములో కాంక్రీటు చేయు పని ఇనుమును పట్టియుంచుటయే; అక్కడ ఊచల నడుమ పాత బెంగుళూరు పెంకులు అమర్చి పోసినయెడల కాంక్రీటును ఇనుమును మిగులును. ఇది తెలిసిన మేస్త్రి కన్ను ముందరనే చేయవలెను, ఊహమీద చేయరాదు. బేకరు ఈ సంగతులను తన చేతితో బొమ్మలు గీసి చిన్న చిన్న పుస్తకములుగా వ్రాసి, సామాన్యుడు చూచి నేర్చుకొనునట్లు చేసెను. తన ఇంటిని కూడ తిరువనంతపురములో రాతి వాలుమీద మొదట చిన్నదిగా ఆరంభించి, ఇతరులు వద్దనుకొనిన సామగ్రిని చేర్చుకొనుచు సంవత్సరముల తరబడి పెంచెను. ఇండ్లు కట్టుటలో దేశమంతట పేరుపొందినవాడు తన ఇంటిని ఒక్క యేట ముగింపలేదు!

ఆగిరిపల్లికి అయిదు మైళ్ల లోపల ఏమున్నది? ఎర్రమట్టి, గరప, కొండరాయి, ఇటుక బట్టీలు, తాటిచెట్లు ఉన్నవి. మామిడి కఱ్ఱ విస్తారముగా ఉన్నది గాని దూలమునకు పనికిరాదు. పురుగు త్వరగా పట్టును. శ్లాబు పోయునప్పుడు క్రింద పరచు చెక్కకు అది చాలును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇటుక మోయుటకును మట్టి కలుపుటకును వెనుదీయని మనుష్యులు ఉన్నారు.

ఖమ్మములో మొదలైన పని

మనకు ఉత్తరముగా పొరుగుననే ఖమ్మమున్నది. హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థ మన దేశములో తన పనిని 1983లో ఖమ్మములోనే ఆరంభించెను. దాని వేరు అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక పొలములో నున్నది. క్లారెన్సు జోర్డాను అను బాప్తిస్టు బోధకుడు, గ్రీకు క్రొత్త నిబంధనలో పండితుడు, 1942లో అక్కడ కొయినోనియా అను పొలము స్థాపించెను. నల్లవారును తెల్లవారును ఒకే బల్లయొద్ద భుజింపవలెనని అతని పట్టుదల. ఆ కారణముచేత ఇరుగుపొరుగు తెల్లవారు వారి సరుకు కొనక వెలివేసిరి, తుపాకులు కాల్చిరి. ఆ పొలము చుట్టును నల్ల కూలివారు చెక్క గుడిసెలలో నుండుట చూచి, 1968లో జోర్డాను, మిల్లర్డు ఫుల్లరు అను న్యాయవాదితో కలిసి యొక ఏర్పాటు చేసెను. లాభము లేక, వడ్డీ లేక ఇల్లు కట్టుటకు సొమ్ము ఇవ్వవలెను. ఇంటివాడు తన చెమట ఇవ్వవలెను. అతడు మెల్లగా తీర్చిన సొమ్ముతో వెనుకవాని ఇల్లు లేవవలెను. మొదటి ఇల్లు ముగియకమునుపే 1969లో జోర్డాను చనిపోయెను. ఫుల్లరు ఆఫ్రికాలో జైరు దేశమున ఆ పద్ధతిని పరీక్షించి చూచి, 1976లో సంస్థను స్థాపించెను.

సముద్రములకు ఆవల పండితుడు ఆలోచించి కనుగొనిన ఈ ఏర్పాటు ఏమిటి? మన తాటాకు కప్పు నేయు దినమున జరిగిన బదులే గదా! పుచ్చుకొనినవాడు వెనుకవానికి ఇచ్చును. సాయము ఒక్కచోట నిలువక ఇల్లు ఇల్లు తిరుగును.

మన ప్రభుత్వపు నిబంధనలలో కూడ ఈ తలంపు కలదు. 1985లో ఆరంభమై, 1996 జనవరి 1 నుండి ప్రత్యేక పథకముగా నడచిన ఇందిరా ఆవాస యోజనలో కాంట్రాక్టరు ఉండరాదనియు, ఇల్లు పొందువారే దగ్గరుండి కట్టుకొనవలెననియు నియమము. దాని స్థానమున 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస యోజన గ్రామీణ పథకములో మైదాన ప్రాంతపు ఇంటికి 1,20,000 రూపాయలును, ఉపాధి హామీ క్రింద 90 దినముల కూలియు నిర్ణయించిరి. ఇల్లు 25 చదరపు మీటర్లకు తగ్గరాదనిరి. తన యింటికి తానే కూలిచేసి కూలి పొందుట మంచి ఆలోచన. కాని సిమెంటు, ఇనుము, ఇసుక ధరలు ఎరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ సొమ్ము ఇంటికి ఆరంభమే గాని ముగింపు కాదు. నియమము ప్రకారము సొమ్ము మెట్టు మెట్టుగా వచ్చును. పునాదికి కొంత, లింటెలుకు కొంత, కప్పు పడిన తరువాత కొంత. ఒక మెట్టునొద్ద ఆగినవాడు పై మెట్టు సొమ్మును చూడలేడు. మన కాలనీలలో లింటెలు ఎత్తున నిలిచిపోయి, ఊచలు తుప్పు పట్టుచున్న గోడలు అందుకే.

నా తప్పు

అట్టి గోడలలో ఒకటి మా సంఘ సభ్యురాలిది. ఆమె విధవరాలు, తోటలలో కాయ కోతకును కలుపుకును పోవునది. స్థలము వచ్చెను, పథకములో పేరు వచ్చెను. ఒక గది, వంటయిల్లు, చిన్న పంచ అని ఆమె లెక్క వేసికొనెను. పునాదికి ముగ్గు పోయు దినమున ప్రార్థన చేయుటకు నన్ను పిలిచెను. నేను పోయి చూచి, "అమ్మా, ఇంకొక నాలుగడుగులు ముందుకు జరిపితే హాలు వస్తుంది. శుక్రవారం స్త్రీల కూటం మీ ఇంట్లోనే పెట్టుకోవచ్చు" అంటిని. ఆమె ఒక్క క్షణము ఊరకుండి, "అయ్యగారు చెప్తే అట్లాగే" అనెను. మేస్త్రి దారము జరిపెను. నేను ప్రార్థించి, టీ త్రాగి, ఇంటికి వచ్చితిని.

ఆ నాలుగడుగులు పునాదిలో రాయి తినెను, గోడలో ఇటుక తినెను. లింటెలు నొద్ద సొమ్ము ముగిసెను. పెద్ద హాలునకు పెద్ద శ్లాబు కావలెను. ఆమె నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 80,000 తెచ్చెను. అనగా నెలకు 2,400, ఏడాదికి 28,800. ఆ సొమ్ము ఇనుముకును వడ్డీకిని పోయెను, కప్పు పడలేదు. ఆమె గుడికి వచ్చుట తగ్గెను. ఒక ఆదివారము, ఆమె లేని సమయమున, లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములోని గోపురము కట్టగోరినవాని గూర్చి బోధించుచు, లెక్క చూచుకొనక కట్టువారిని చూచి లోకము నవ్వునని గట్టిగా చెప్పితిని. కొందరు నవ్విరి. ఎవరిని తలచి నవ్విరో నాకు తెలియును.

కొన్ని నెలల తరువాత నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును బోధకు సిద్ధపరచుకొనుచుంటిని. అది పేర్ల పట్టీయని చాలమంది దాటివేయుదురు. యెరూషలేము గోడను ఏబది రెండు దినములలో ఎట్లు కట్టిరో అందులో ఉన్నది. ఒక్కరికే గుత్తకు ఇయ్యలేదు. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమును బాగుచేసిరి. షల్లూము అను అధికారి తన కుమార్తెలతో కూడ పనిచేసెను. తెకోవ ఊరి సామాన్యులు పనిచేసిరి గాని వారి పెద్దలు మెడ వంచలేదు. మెషుల్లాము అనువాడు తన గదికి ఎదురుగా కట్టెను. పట్టీ అతనికి ఇల్లు అని చెప్పదు. గది యనియే చెప్పును. ఆ ఒక్క గదికి ఎదురుగా ఉన్నంత మేరకే అతడు బాధ్యుడు.

ఆ తరువాత అయిదవ అధ్యాయము వచ్చును. గోడ లేచుచుండగానే పేదలు మొరపెట్టిరి. ధాన్యము కొరకు పొలములును ఇండ్లును కుదువ పెట్టితిమనిరి. అప్పుడు నెహెమ్యా ప్రధానులను గద్దించి, తానును తనవారును కూడ అప్పిచ్చినవారిలో నున్నామని ఒప్పుకొని, వడ్డీ మాన్పించి, పొలములను ఇండ్లను తిరిగి ఇప్పించెను. ఆ పుటయొద్ద నా చేయి ఆగెను. ఒక గది లెక్క సరిగా వేసికొనిన స్త్రీని హాలు కట్టుమన్నది ఎవరు? లెక్క చూచుకొననివాడు ఆమె కాదు, నేను.

నేను ఆమె యొద్దకు పోయి ఆ మాట చెప్పితిని. ఆదివారము సంఘము ఎదుటను చెప్పితిని. ఆమె నన్ను నిందింపలేదు. "మీరు చెప్పకపోయినా ఇంకెవరో చెప్పేవారు అయ్యగారూ. కాని వద్దనటానికి నాకు నోరు రాలేదు" అనెను. చదువరులారా, బోధకుని మాటకు వద్దనలేని వారిమీద మనము ఎంత బరువు పెట్టుచున్నామో ఆ దినమున తెలిసికొంటిని.

మా సంఘములో తాపీపని ఎరిగిన పెద్ద ఒకరున్నారు. ఆయన గోడలు కొలిచి, "హాలు మాట ఇప్పుడు వదిలేద్దాం. గదికీ వంటింటికీ కప్పు వేద్దాం" అనిరి. హాలువైపు గోడను లింటెలు నొద్దనే నిలిపి, వాన దిగకుండ పైన గట్టిగా పూసిరి. శనివారములలో పదిమంది, పండ్రెండుమంది పోయితిమి. సిమెంటు కలుపుట నాకు రాదు గనుక నీళ్లు మోసితిని. స్త్రీల సమాజమువారు తమ పొదుపులో నుండి వడ్డీలేని చేబదులు ఇచ్చి, ఆ పెద్ద వడ్డీ అప్పులో కొంత అసలు తీర్పించిరి. తక్కినది ఇంకను ఉన్నది, ఆమె తీర్చుచున్నది. ఆ చేబదులును ఆమె తీర్చుచున్నది, ఏలయనగా తరువాత వంతు మరియొకరిది. గృహప్రవేశమునకు నన్ను పిలిచి లోపలికి తీసికొనిపోయి, "ఇందులో నేను మొయ్యని ఇటుక ఒక్కటి లేదు అయ్యగారూ" అనెను. శుక్రవారపు కూటము ఆ యింటిలో జరుగుటలేదు. వేపచెట్టు క్రింద జరుగుచున్నది, కొదువేమియు లేదు.

ఇల్లు కట్టుకొనువారికి, సాయపడువారికి

ఈ చరిత్రనుండి నేను నేర్చుకొనిన కొన్ని మాటలు మీకు చెప్పి ముగించెదను.

మొదటిది, స్థలపు కాగితము చేతికి రాకమునుపు పునాది రాయి వేయకుడి. మన తాతలు గట్టి యిల్లు కట్టలేకపోవుటకు కారణము నేల తమది కాకపోవుటయే.

రెండవది, లెక్క వేయునప్పుడు లింటెలు వరకు వేసి ఆపకుడి; కప్పు వరకును, తలుపు గడియ వరకును వేయుడి. సొమ్ము చాలనియెడల వెడల్పు తగ్గించుడి గాని, పునాది లోతును కప్పు గట్టిదనమును తగ్గింపకుడి. కప్పు పడిన ఒక్క గది, కప్పులేని నాలుగు గదులకంటె మేలు. తరువాత చేర్చుకొనునట్లు ఒక ప్రక్క విడిచి కట్టుడి. మట్టిగోడ పెట్టిన పూర్వులు క్రింది వరుస ఆరువరకు ఆగిరి. మీరు ఆగుటలో సిగ్గులేదు.

మూడవది, నెల వడ్డీకి శ్లాబు పోయకుడి. కప్పు మీదనుండి వాన కారకపోయినను వడ్డీ కారును.

నాలుగవది సంఘములకు. సాయపడబోవునప్పుడు మీ కోరికను అతని పునాదిలో పెట్టకుడి. ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయములో, అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కొరకు ఇంటిలోనికి చొరబడక బయట నిలువవలెనని ఆజ్ఞ యున్నది. సాయము చేయువానికిని అది తగును. గడప బయట నిలిచి, "నీకేమి కావలెను?" అని అడుగుడి. ఒకనికి ఒక దినపు చేయి కావలెను, ఒకనికి వడ్డీలేని అయిదు వేలు కావలెను, మరియొకనికి మేస్త్రి మోసగింపకుండ దగ్గర కూర్చుండు మనిషి కావలెను. అడిగినది ఇయ్యుడి. అంతకు మించి ఇచ్చి ఆ యింటిని మీదిగా చేసికొనకుడి.

ఈ వేసవిలో మీ వాడలో లింటెలు నొద్ద ఆగిన గోడ ఏదైన ఉన్నదేమో చూడుడి. ఆ గోడవాడు గుడికి ఏల వచ్చుటలేదో అడుగకమునుపు, మామిడి కోత ముగిసిన ఒక శనివారము ఒక తట్టయు ఒక పారయు తీసికొని పొండు. యెరూషలేము గోడ అంతయు మన పాలికి రాలేదు. మెషుల్లామునకు వచ్చినంతయే, మన గదికి ఎదురుగా నున్న ఆ కొన్ని మూరలే వచ్చినవి.